పద్దు ఒక్కటే.. తలుపులు అరవై!

* లినక్స్ యంత్రాలకు కేంద్ర డైరెక్టరీతో అనుసంధానం
* ఖాతాల నిర్వహణ సులభం
* గడియారం తప్పితే ప్రవేశం బంద్

ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల కంప్యూటర్ ల్యాబుల్లో లినక్స్ వాడకం సర్వసాధారణమైంది. ఒక ల్యాబులో 60 యంత్రాలు, వాటిని వంతులవారీగా వాడే 200 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఎవరు ఏ యంత్రం ముందైనా కూర్చునే వీలుండాలంటే మొత్తం 12,000 ఖాతాలు తెరవాలి. విద్యార్థి ఒక యంత్రంలో పాస్‌వర్డ్ మార్చుకుంటే మిగిలిన 59 యంత్రాల్లో పాతదే ఉండిపోతుంది. చదువు ముగించి వెళ్లినవారి ఖాతాను 59 చోట్ల తొలగించి ఒక్కచోట మరచినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఈ చిక్కును తీర్చేదే కేంద్ర డైరెక్టరీ. ఖాతాల పద్దు ఒక సర్వరులో ఉంటుంది. యంత్రాలన్నీ దానినే అడిగి తెలుసుకుంటాయి.

అంకెతోనే అనర్థం

యునిక్స్ తరహా వ్యవస్థలు ఫైలు యజమానిని పేరుతో కాక యూఐడీ అనే అంకెతో గుర్తిస్తాయి. చాలా లినక్స్ రకాల్లో సాధారణ వినియోగదారుల అంకెలు 1000 నుంచి మొదలై ఖాతాలు తెరిచిన వరుసలో పెరుగుతాయి. ఒక యంత్రంలో రాజుకు 1001 వచ్చింది. మరో యంత్రంలో అదే 1001 సీతకు వచ్చింది. ఇద్దరి ఫైళ్లూ ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉమ్మడి సర్వరుపై ఉంటే, రెండో యంత్రంపై కూర్చున్న సీతకు రాజు ఫైళ్లన్నీ తనవిగానే తెరుచుకుంటాయి. చదవవచ్చు, చెరిపివేయవచ్చు. ప్రాక్టికల్ పరీక్షల వేళ ఇలా జరిగితే ఎవరి ప్రోగ్రాం ఎవరిదో తేల్చడం కష్టం. కేంద్ర డైరెక్టరీలో ఒకరికి ఒకే అంకె ఉంటుంది కనుక ఈ తికమకకు తావుండదు.

గుర్తింపు వేరు.. రుజువు వేరు

లాగిన్ సమయంలో యంత్రం రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుతుంది. ఈ పేరుగల వ్యక్తి ఎవరు, అతని అంకె ఎంత అన్నది మొదటిది. వచ్చినవాడు నిజంగా అతడేనా అన్నది రెండోది. మొదటి పనిని నేమ్ సర్వీస్ స్విచ్ (ఎన్‌ఎస్‌ఎస్), రెండో పనిని పామ్ అనే భాగం చూస్తాయి. ఈ రెండింటికీ సర్వరుకూ మధ్య నడిచే సేవ ఎస్‌ఎస్‌ఎస్‌డీ. ఇది 2009 నుంచి అందుబాటులో ఉంది.

సర్వరు వైపున పేర్లు, అంకెలు ఎల్‌డాప్ డైరెక్టరీలో ఉంటాయి. 1990ల ఆరంభంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎల్‌డాప్ రూపుదిద్దుకుంది. రుజువు చూసే కెర్బెరోస్‌ను అంతకుముందే ఎంఐటీ రూపొందించింది. కెర్బెరోస్ తీరు ఆర్టీసీ బస్సు పాసును పోలి ఉంటుంది. కౌంటరులో ఒకసారి వివరాలు చూపి పాసు తీసుకుంటే గడువు ముగిసేదాకా ప్రతి బస్సులో అది చూపితే చాలు. అలాగే ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి టికెట్ పొందినవారు గడువులోగా ఇతర సేవలకు మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఈ గడువు సాధారణంగా 10 గంటలు. ఉచితంగా లభించే ఫ్రీఐపీఏలో ఎల్‌డాప్, కెర్బెరోస్ రెండూ కలిసే ఉంటాయి.

అనుసంధానం ఇలా..

1. ముందుగా ప్రతి యంత్రం సర్వరును పేరుతో కనుగొనేలా డీఎన్‌ఎస్‌ను, సరైన సమయం కోసం ఎన్‌టీపీని అమర్చాలి.
2. డైరెక్టరీలో యంత్రాన్ని సభ్యునిగా చేర్చాలి. 'రియల్మ్ జాయిన్' ఆదేశం ఎస్‌ఎస్‌ఎస్‌డీ అమరికలో చాలా భాగాన్ని తానే పూర్తిచేస్తుంది.
3. తొలిసారి లాగిన్ అయ్యేవారికి హోమ్ డైరెక్టరీ దానంతటదే ఏర్పడేలా పామ్‌లో అమర్చాలి.
4. 'ఐడీ' ఆదేశంతో ఒక విద్యార్థి పేరు అడిగి, అన్ని యంత్రాల్లోనూ ఒకే అంకె వస్తోందో లేదో సరిచూడాలి.
5. అదే పేరుతో యంత్రంలో ఉన్న పాత ఖాతాలను తొలగించాలి. యంత్రం సాధారణంగా తన సొంత జాబితానే మొదట చూస్తుంది కనుక పాత పాస్‌వర్డ్ పనిచేస్తూనే ఉంటుంది. పాత ఫైళ్ల యాజమాన్యాన్ని కొత్త అంకెకు మార్చాలి.

ఇవి మరవద్దు

పామ్ ఫైళ్లు మార్చేటప్పుడు రూట్ లాగిన్ ఒకటి తెరిచే ఉంచాలి. ఒక్క వరుస తప్పినా ఎవరూ లోపలికి వెళ్లలేని స్థితి వస్తుంది. రూట్ ఖాతాను డైరెక్టరీలో పెట్టక ఏ యంత్రానిది ఆ యంత్రంలోనే ఉంచాలి.

యంత్రం గడియారానికీ సర్వరు గడియారానికీ మధ్య తేడా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ సాధారణంగా రుజువును తిరస్కరిస్తుంది. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత యంత్రాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాకపోతే మొదట గడియారమే చూడాలి.

ఎల్‌డాప్‌తోనే పాస్‌వర్డ్ సరిచూసే చోట టీఎల్‌ఎస్ రక్షణ తప్పనిసరి. అది లేకుంటే పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌పై ఉన్నదున్నట్టుగా ప్రయాణిస్తుంది.

సర్వరు ఒక్కటే ఉండి, అది ఆగితే 60 యంత్రాల తలుపులూ ఒకేసారి మూసుకుపోతాయి. కరెంటు కోతలుండే చోట రెండో సర్వరు, యూపీఎస్ అవసరం. అంతకుముందు ఆ యంత్రంలో లాగిన్ అయినవారి వివరాలను ఎస్‌ఎస్‌ఎస్‌డీ దాచి ఉంచేలా అమర్చుకోవచ్చు. అప్పుడు సర్వరు అందకపోయినా వారు పని చేసుకోగలరు. అయితే వెళ్లిపోయినవారు నెట్‌వర్క్ తీగ తీసిన యంత్రంలో పాత పాస్‌వర్డ్‌తో ప్రవేశించే వీలూ ఇందులో ఉంది కనుక ఆ నిల్వకు కొద్ది రోజుల గడువు పెట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ కీతో వచ్చే దారిని కూడా విడిగా పరిశీలించాలి.

ఈ మార్పును పరీక్షల ముందు తలపెట్టడం మంచిది కాదు. సెలవుల్లో రెండు మూడు యంత్రాలపై అమర్చి, సర్వరును ఆపి చూసి, ఫలితం తేలాకే మిగిలిన వాటికి విస్తరించాలి.