ఇల్లు కొన్నంత మాత్రాన ఊరివారవుతారా? - ఫ్రాన్స్ పల్లెల్లో ఇంగ్లీషు కుటుంబాలు

వలస అనగానే పల్లె నుంచి పట్నానికో, పేద దేశం నుంచి ధనిక దేశానికో వెళ్ళడమే మనకు ముందుగా గుర్తుకు వస్తుంది. ఈ భాగంలో అందుకు ఎదురు దిశలో సాగే ఒక వలసను పరిశీలిద్దాం. ఒక ధనిక దేశపు పట్టణవాసులు పొరుగున ఉన్న మరో ధనిక దేశపు పల్లెకు ఎందుకు వెళతారు? వెళ్ళాక ఎప్పటికి ఆ ఊరివారు అవుతారు? రెండో ప్రశ్న కష్టమైనది. అందువల్ల దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

7.3.1 ఖాళీ ఇళ్ళు ఎలా వచ్చాయి?

ఫ్రాన్స్ మధ్యభాగంలో క్రూజ్ అనే జిల్లా ఉంది. 1851లో దాని జనాభా సుమారు 2,87,000. ఇప్పుడు సుమారు 1,15,000. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి మగవారు ఏటా వసంతకాలంలో బయలుదేరి పారిస్‌లో తాపీ పనికి వెళ్ళేవారు, చలికాలానికి ఇల్లు చేరేవారు. రైలు వచ్చాక చాలామంది పట్నంలోనే ఉండిపోయారు. తరవాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అక్కడి పల్లెల్లోని యుద్ధ స్మారకాల మీద ఒకే ఇంటిపేరు గల వారు ఇద్దరు ముగ్గురు కనిపించడం మామూలే. 1945 తరవాత ట్రాక్టర్లు వచ్చి పొలం పనికి అవసరమయ్యే మనుషుల సంఖ్య తగ్గింది. రాతి ఇళ్ళు మాత్రం మిగిలాయి. వాటి వారసులు పట్టణాల్లో ఉన్నారు.

ఇంగ్లండులో ఇదే కాలంలో ఇళ్ళ ధరలు పెరుగుతూ పోయాయి. అక్కడ చిన్న ఇల్లు అమ్మిన సొమ్ముతో ఇక్కడ పెద్ద ఇల్లు, దొడ్డి, కొంత నేల కూడా కొనవచ్చు. 1989లో పీటర్ మేల్ రాసిన 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' పుస్తకం ఈ కోరికను మరింత పెంచింది. ప్రొవాన్స్ ధరలు అందనివారు దోర్దోన్, లిమూజాఁ ప్రాంతాల వైపు చూశారు. లిమోజ్, బెర్జెరాక్ విమానాశ్రయాలకు చవక టికెట్ల విమానాలు మొదలయ్యాక ఆ దూరం కూడా సమస్య కాలేదు. ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటుంది: వీరు కొనే చవక ఇల్లు, మరొకరు వలసపోవడం వల్ల చవక అయినదే.

7.3.2 బడి గుమ్మం దగ్గర

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. నలభైలలో ఉన్న దంపతులు, ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. భర్త ఎలక్ట్రీషియన్. 2016లో క్రూజ్‌లో ఇల్లు కొన్నారు.

కొనుగోలు వ్యవహారం కష్టమేమీ కాదు. నొతేర్ అనే ప్రభుత్వ నియుక్త న్యాయాధికారి దస్తావేజు రాస్తారు. ఒప్పందం మీద సంతకం చేసిన కొనుగోలుదారు మనసు మార్చుకోవడానికి పది రోజుల గడువు ఉంటుంది. మురుగు కాలువ లేని పల్లెల్లో సెప్టిక్ ట్యాంకు నిబంధనలకు తగినట్టు లేకపోతే, కొన్న ఏడాదిలోగా కొత్త యజమాని దాన్ని సరిచేయించాలి. ఎలక్ట్రీషియన్‌గా పని చేయాలంటే వృత్తిని నమోదు చేసుకోవాలి, చేసిన పనికి పదేళ్ళ బాధ్యత వహించే బీమా కట్టాలి. ఈ బీమా ఖర్చును ముందుగా లెక్కలో వేసుకోనివారికి మొదటి ఏడాది ఆదాయం చిక్కిపోతుంది.

అసలు స్థిరపడడం పిల్లల బడితో మొదలవుతుంది. ప్రాథమిక పాఠశాలలో చేర్చాలంటే ముందు 'మెరీ'కి, అంటే మేయర్ కార్యాలయానికి వెళ్ళాలి. (1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలోనూ మేయర్ వ్యవస్థ ఉండేదని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.) నివాస రుజువు, టీకాల కాగితాలు చూపితే నమోదు పూర్తవుతుంది. ఫ్రెంచి రాదన్న కారణంతో బిడ్డను చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. పట్టణాల్లోనైతే కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ప్రత్యేక తరగతులు దొరకవచ్చు. పల్లెలో చాలావరకు తోటి పిల్లలే గురువులు. ఆరేళ్ళ పాప ఆటల్లోనే భాష పట్టేస్తుంది. తొమ్మిదేళ్ళ బాబుకు మొదటి నెలలు మౌనంగా గడవవచ్చు. అతనికి లెక్కలు వచ్చు, కానీ లెక్కలోని ప్రశ్న అర్థం కాదు.

ఇక ఊరి వైపు నుంచి చూడండి. విద్యాశాఖ ఏటా పిల్లల సంఖ్యను బట్టి ఏ తరగతి ఉంచాలో, ఏది మూసేయాలో నిర్ణయిస్తుంది. రెండు మూడు ఊళ్ళు కలిసి ఒక్క బడి నడుపుకొనే చోట ఇద్దరు పిల్లలు పెరగడం చిన్న విషయం కాదు. పెన్షన్ మీద బతికే వృద్ధ దంపతులు వస్తే ఊళ్ళో ఒక ఇంటికి దీపం వెలుగుతుంది. పిల్లలున్న కుటుంబం వస్తే ఒక తరగతి నిలబడవచ్చు. ఊరు వారిని పలకరించే తీరులో ఈ తేడా కనబడుతుంది.

పెద్దలకు భాష వేరే విధంగా అడ్డు వస్తుంది. అంగట్లోకి అడుగు పెట్టగానే 'బోఁజూర్' అని పలకరించకుండా సరుకు అడిగితే మర్యాద తెలియనివారిగా లెక్క. ఫ్రెంచిలో మన 'నువ్వు', 'మీరు' లాంటి భేదం ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. ఎవరిని ఎప్పుడు 'మీరు' నుంచి 'నువ్వు'కు మార్చవచ్చో తెలియక ఇంగ్లీషువారు తడబడతారు. ఈ విషయంలో తెలుగువారికి కొంత సులువేమో! దగ్గరలో ఇంగ్లీషు కుటుంబాలు ఎక్కువగా ఉంటే ఈ తడబాటు లేకుండానే ఏళ్ళు గడపవచ్చు. అలా గడిపినవారు ఇరవై ఏళ్ళయినా అతిథులుగానే మిగులుతారు.

7.3.3 2020లో ఏం జరిగింది?

ఇంతవరకు చెప్పినదంతా ఒక పునాది మీద నిలబడి ఉంది. 1993లో అమలులోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఐరోపా సమాఖ్య పౌరసత్వాన్ని కల్పించింది. దాని ప్రకారం ఇంగ్లీషు కుటుంబం వీసా లేకుండా వచ్చి ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. అంతేకాదు, ఉంటున్న ఊరి స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు కూడా. ఫ్రాన్స్‌లో ఇది 2001 ఎన్నికల నుంచి అమలైంది. మేయర్ పదవి మాత్రం ఫ్రెంచి పౌరులకే.

కౌన్సిల్ సభ్యత్వం పల్లెలో పెద్ద హోదా కాదు. చెత్త సేకరణ, రోడ్డు గుంతలు, బడి భోజనం ధర, శ్మశానం గోడ: చర్చలు వీటి మీదే. అయితే అవే ఊరి పనులు. 2020 నాటికి 700కు పైగా బ్రిటిష్ పౌరులు ఇలా ఎన్నికై ఉన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగింది. మార్చిలో జరిగిన ఎన్నికల్లో వారు పోటీ చేయలేకపోయారు, ఓటు కూడా వేయలేకపోయారు. ఊరి జనం వారిని తిరస్కరించలేదు. హక్కు పోయింది, అంతే.

2020 డిసెంబర్ 31 లోపు నివాసం ఏర్పరచుకున్నవారికి ఉండే హక్కు మిగిలింది. అయితే అందుకోసం నివాస కార్డుకు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. అంతకు ముందు కార్డే అక్కరలేదు కాబట్టి, తాము ఎప్పటి నుంచి ఉంటున్నామో చూపడానికి కరెంటు బిల్లులు, పన్ను కాగితాలు వెతుక్కోవలసి వచ్చింది. ఆ తేదీ తరవాత వచ్చేవారి దారి వేరు. వీసా లేకుండా ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండవచ్చు. అంతకు మించి ఉండాలంటే దీర్ఘకాలిక వీసా, ఆదాయానికి రుజువు కావాలి. మనం ఊహించుకున్న ఎలక్ట్రీషియన్ కుటుంబం ఇదే పొదుపుతో ఇవాళ బయలుదేరితే ఆ కాగితాల దగ్గరే ఆగిపోవచ్చు. పెన్షన్ గల వృద్ధ దంపతులకు వీసా అంత కష్టం కాదు. బడికి పిల్లలు కావలసిన ఊరికి, పిల్లలున్న కుటుంబం రావడమే కష్టమైంది.

కొందరు మాజీ సభ్యులు ఫ్రెంచి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకున్నారు. సాధారణంగా దానికి ఐదేళ్ళ నివాసం, భాషా పరిజ్ఞానానికి రుజువు అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ఇంగ్లీషు మహిళ 2008 నుంచి క్రూజ్‌లోని ఒక పల్లెలో ఉంటున్నారు. 2014లో కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. 2020లో పోటీ చేయలేకపోయారు, కానీ బడి భోజనశాల పనులు ఇప్పటికీ ఆమే చూసుకుంటున్నారు. ఆమె ఆ ఊరిలో స్థిరపడినట్టేనా? చట్టం దృష్టితో ఒక సమాధానం, ఊరి దృష్టితో ఒక సమాధానం పది పంక్తుల్లో రాయండి.