విజ్ఞాన ప్రదర్శనమున గణితమునకు చోటు

ప్రాథమిక తరగతుల విజ్ఞాన ప్రదర్శనము సమీపించినప్పుడెల్ల పిల్లలలో ఒకరిద్దరైనను మా యొద్దకు వచ్చి, "మాకు లెక్కలే ఇష్టము, వానితో ఏమి చూపగలము?" అని యడుగుచుందురు. ఒకడు అగ్నిపర్వతపు బొమ్మ చేయును. మరియొకడు విద్యుద్దీపమును వెలిగించును. లెక్కల పిల్లవాడు అట్టమీద ఎక్కములు వ్రాసి నిలుచును. పరీక్షకులు "ఇందు ప్రయోగమేది?" అని యడిగి ముందునకు సాగుదురు. అప్పుడా బాలుని మొగము చూచినవారికి మేమీ వ్యాసము వ్రాయుటకు కారణము వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రదర్శనమునకు వలసినవి నాలుగు: ఒక ప్రశ్న, దానికి ముందుగా మనమూహించిన యుత్తరము, ఆ యూహను పరీక్షించు పని, ఆ పనివలన తేలిన ఫలితము. ఈ నాలుగును గణితమునందును కలవు. సూత్రమును అందముగా వ్రాసి తగిలించుట చాలదు. అది నిజమగునో కాదో పిల్లవాడు తన చేతులతో చూడవలెను. ఇందుకొక దృష్టాంతము చెప్పెదము.

వృత్తము చిన్నదైనను పెద్దదైనను దాని చుట్టుకొలత అడ్డుకొలతకు ఒకే యన్ని రెట్లుండునా? ఇది ప్రశ్న. కావలసినవి దారము, కొలబద్ద, ఇంటనున్న గాజు, చెంబుమూత, పళ్లెము. ఇందు ఖర్చు లేదు గనుక పేదవాని బిడ్డయు కలవారి బిడ్డయు సమానముగా పాల్గొనవచ్చును. వస్తువు చుట్టును దారము చుట్టి, సరిగా కత్తిరించి, ఆ దారము అడ్డుకొలతకు ఎన్ని మారులు వచ్చునో చూడవలెను. మూడు మారులు వచ్చి కొంచెము మిగులును. ఆ మిగిలిన తునుకంత పొడవును ఏడు మారులు పేర్చినచో ఇంచుమించుగా ఒక అడ్డుకొలత యగును. భాగహారము బాగుగా రాని చిన్నపిల్లలకిది చాలును. ఐదవ తరగతివారు సెంటీమీటర్లలో కొలిచి దశాంశములతో భాగింపవచ్చును. దారములనే అట్టపై అంటించినచో చూచువారికి సులభముగా బోధపడును.

ఒకమారు మా విద్యార్థి యొకడు ఇట్లే కొలిచెను. 24 సెంటీమీటర్ల పళ్లెమునకు చుట్టుకొలత 75.5 వచ్చెను, భాగింపగా 3.15. 6 సెంటీమీటర్ల గాజునకు చుట్టుకొలత 19 వచ్చెను, భాగింపగా 3.17. పుస్తకములో 3.14 అని యున్నది. అతడు భయపడి తన యంకెలను చెరిపివేసి అన్నిటికిని 3.14 అని వ్రాసెను. పట్టిక చక్కగా నుండెను, గాని సత్యము కాకపోయెను. మేమతని దండింపక, "గాజునకే ఎక్కువ తేడా ఎందుకు వచ్చినది?" అని మాత్రమే యడిగితిమి. ఆ ప్రశ్నయే అతని ప్రయోగమాయెను.

కారణమిది. దారము కొలుచుటలో 2 మిల్లీమీటర్ల పొరపాటు జరిగినదనుకొందము. గాజు విషయమున అది ఫలితమును 0.03 వరకు మార్చును. పళ్లెము విషయమున 0.01 కంటె తక్కువగా మార్చును. కావున వస్తువు పెద్దదైన కొలది అదే పొరపాటు ఫలితమును తక్కువగా చెరచును. చెరిపివేసిన యంకెయే ఈ పాఠమును నేర్పినది.

పెద్దలును ఈ సంఖ్యను క్రమక్రమముగానే సమీపించిరి. రాజుల మొదటి గ్రంథము 7వ అధ్యాయములో సొలొమోను చేయించిన గుండ్రని తొట్టికి అడ్డము 10 మూరలనియు, చుట్టు 30 మూరలనియు ఉన్నది. మూరల లెక్కలో అది మూడు రెట్లు. గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసు ఆ సంఖ్య మూడుంబావునకు తక్కువయనియే గాక, మూడున్నొక యేడవ వంతునకును తక్కువయని నిరూపించెను. మన ఆర్యభటుడు 499వ సంవత్సరమున 20,000 అడ్డుకొలతకు 62,832 చుట్టుకొలత యని చెప్పెను, అనగా 3.1416. అంత సూక్ష్మముగా చెప్పియు దానిని "ఆసన్నము", అనగా సమీపమైనది, అనియే పేర్కొనెను.

తలిదండ్రులకు మా మనవి: బిడ్డకు బదులుగా మీరు కొలువకుడు, వంకరయైన కొలతయైనను వానిదే యుండనిండు. పరీక్షకులకు మనవి: "జవాబెంత?" అని గాక "ఎట్లు తెలిసికొంటివి?" అని యడుగుడు. పిల్లలారా, మీకు వచ్చిన యంకెనే వ్రాయుడు. అది పుస్తకముతో ఏకీభవింపనిచో చెరుపక, మరల కొలువుడు.