దారి నెన్నుకొను కథ

ముక్కోటి ఏకాదశి జాగరణమునాడు మన యిండ్లలో వైకుంఠపాళి యాడుదురు. అందు గవ్వలే దారి చూపును. నిచ్చెనయైనను పామైనను ఆటగాని యెన్నిక కాదు.

1983లో స్టీవ్ జాక్సన్ అను ఆంగ్లేయ రచయిత ప్రారంభించిన ‘సోర్సరీ’ అను మాయాకథలో దారి నెన్నుకొనువాడు పాఠకుడే. 2013లో ఇంకిల్ సంస్థ దానిని సెల్‌ఫోనులో ఆడు ఆటగా మలచెను. ఇందు పోరులకు పాచికలు లేవు; తప్పటడుగు వేసినవాడు వెనుకటి మజిలీకి మరలి వేఱుదారి పట్టవచ్చును. అందుచేత భయము పోయి రుచి తగ్గినదని కొందఱు ఆటగాండ్రు, అన్ని దారులును చూడ వీలైనదని మఱికొందఱు నందురు. పుటలో వ్రేలుంచి వెనుకకు మరలిన పాఠకులు పూర్వమును కలరు గదా!

విద్యార్థులారా! ఉన్నత పాఠశాలలో చేరునపుడు బోధనభాష నెన్నుకొను ముళబాగిలు బాలునకు వెనుకకు మరలుట అంత సులభము కాదు. కనుక తల్లిదండ్రులు బిడ్డల నడిగియే ఆ దారి నెన్నవలెను.