పేరు చూడాలా, నేల చూడాలా?

ఫ్రాన్సు సముద్రతీరంలో గోల్ఫ్ ఆడాలంటే ఏ ఊరు మేలని అడిగితే ముందుగా వినిపించేవి ఉత్తరాది పేర్లే. లె తుకేలో ఇసుకదిబ్బల మధ్య 1931లో హ్యారీ కోల్ట్ రూపొందించిన ‘లా మేర్’ ఉంది. ఎత్రెతాలో తెల్లని సుద్దరాతి కొండల అంచున మరొకటి ఉంది. బొమ్మల్లో చూస్తే రెండూ కళ్ళు తిప్పుకోనివ్వవు. కానీ ఎదురుగాలిలో దిబ్బలెక్కి దిగడం డెబ్బయ్యో ఏట తేలిక కాదు. మా ప్రయాణమేమో నాన్నగారి కోసం. మోకాళ్ళకు ఆపరేషన్ తప్పదనీ, దూరప్రయాణం చేసి ఆడుకోవాలనుంటే ఈ ఏడాదే చేయమనీ డాక్టరుగారు చెప్పేశారు. అందుకని పేరు పక్కనపెట్టి, ఆయన నడవగల నేల వెతికాను.

అలా చూస్తూ నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బియారిట్జ్ దగ్గర ఆగాను. అక్కడి దీపస్తంభం పక్కన 1888లో మొదలైన ‘లె ఫార్’ కోర్సు చాలావరకు చదును, ఊళ్ళోనే ఉంది. మొదట్లో సముద్రపు కోత మీదుగా బంతిని దాటించాల్సిన హోల్ ఒకటి అక్కడ ఉండేదట. ఇప్పుడది లేదు. అయితే నడుమ లోతైన పల్లమున్న గ్రీన్‌ని అమెరికాలో నేటికీ ‘బియారిట్జ్’ అనే పిలుస్తారు.

నాన్నగారికి ఇవేవీ పట్టలేదు. ఆయన్ని కదిలించింది ఆర్నో మస్సీ కథ. బియారిట్జ్‌లో పుట్టిన ఈయన సార్డీన్ చేపల పడవలో పనిచేశాడు, ఇదే కోర్సులో ఇతరుల బ్యాగులు మోశాడు. 1907లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన ఫ్రెంచివాడు ఇప్పటిదాకా ఆయనొక్కడే. మా నాన్నగారు కూడా బెంగుళూరులో చిన్నతనాన క్యాడీయే. ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక గానీ సొంతంగా ఆడే అదృష్టం పట్టలేదు. కథ విని, “అట్లైతే ఆడికే పోదాం పా” అన్నారు. అక్కడితో చర్చ ముగిసింది!

రెండో కోర్సుగా సాన్-జాన్-ద-లూజ్ దగ్గరి శాంతాకోను ఎంచుకున్నాం. ఇదీ కోల్ట్ రూపొందించినదే, 1928 నాటిది. చెట్ల మధ్య ఉండటంతో గాలి బాధ తక్కువ. ఎత్తుపల్లాలున్నాయి గనుక బగ్గీ ముందే చెప్పిపెట్టుకున్నాం. మొసలి బొమ్మ చొక్కాల రెనే లాకోస్ట్ మామగారు స్థాపించిన కోర్సిది. ఆయన కూతురు కేథరిన్ 1967లో, ఇరవై రెండేళ్ళకే, అమెరికా మహిళల ఓపెన్ గెలిచింది. అమెచ్యూర్‌గా ఉండి దాన్ని గెలిచినది ఆమె ఒక్కతే.

ఆడనివాళ్ళ మాట కూడా ఆలోచించాలి సుమా! బియారిట్జ్ అలలు సర్ఫింగ్ వాళ్ళకు పండగ, పిల్లలకు ప్రమాదం. సాన్-జాన్-ద-లూజ్ అఖాతానికి అడ్డుకట్టలున్నాయి, నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. మా ఆవిడ, పిల్లలు అక్కడే ఎక్కువగా గడిపారు. రెండూళ్ళ మధ్య దూరం సుమారు 15 కిలోమీటర్లే.

‘లె ఫార్’లో బ్యాగు తోపుడుబండి మీద పెట్టబోతే నాన్నగారు పట్టీ భుజానికి తగిలించుకుని, మొదటి హోల్ దాకా తానే మోశారు. మేమెవరం వారించలేదు.

వెళ్ళదలచినవారు హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి; చాలా క్లబ్బులు అడుగుతాయి. జులై, ఆగస్టుల్లో రద్దీ ఎక్కువ. జూన్ మేలు: రాత్రి తొమ్మిదిన్నరకూ వెలుగుంటుంది, సాయంత్రం ఆటకు చాలాచోట్ల రుసుమూ తక్కువే. వానకోటు మాత్రం మరవకండి.