పూచీ ఎవరిది? - ఇండోనేషియా జాతీయ ఐక్యతా మంత్రివర్గం, 1999

ఇండోనేషియా భాషలో మంత్రిని 'మెంతెరి' అంటారు. సంస్కృతం నుంచి సముద్రం దాటి వెళ్ళిన ఆ మాటను తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు. అరబ్బీ గ్రంథాలలో ఆ స్థానంలో కనిపించే పదం 'వజీర్'. ఇమామ్ మావర్దీ (మరణం హి. 450 / క్రీ.శ. 1058) తమ 'అల్ అహ్కాముస్ సుల్తానియా'లో ఈ పదానికి మూడు వ్యుత్పత్తులు చూపారు: ఒకటి బరువు, రెండవది ఆశ్రయం, మూడవది వెన్ను. వజీర్ పాలకుని బరువు మోస్తాడు, పాలకుడు అతని ఆలోచనను ఆశ్రయిస్తాడు, శరీరానికి వెన్ను ఎలాగో రాజ్యానికి అతను అలాగ. మూడు అర్థాలలోనూ ఒక విషయం ముందే నిశ్చయమై ఉంది. వజీర్‌కు యజమాని ఒక్కడే. యజమానులు అయిదుగురైతే ఏమవుతుందన్నది 1999లో జకార్తాలో తేలింది.

ముప్పై రెండేళ్ళ సుహార్తో పాలన 1998 మేలో ముగిసింది. ఆయన స్థానంలోకి వచ్చిన హబీబీ ఎన్నికలు జరిపించారు. 1999 జూన్ 7న జరిగిన ఆ ఎన్నికలలో 48 పార్టీలు పోటీ చేశాయి. మెగావతి సుకర్ణోపుత్రి నాయకత్వంలోని పి.డి.ఐ. పెర్జువాంగన్‌కు సుమారు 34 శాతం ఓట్లు, 153 స్థానాలు లభించాయి. సుహార్తో కాలపు అధికార పార్టీ గోల్కార్‌కు 120, పాత ముస్లిం పార్టీల కలయికగా ఏర్పడిన పి.పి.పి.కి 58, నహ్‌దతుల్ ఉలమా పెద్దలు స్థాపించిన పి.కె.బి.కి 51, ముహమ్మదియా మాజీ అధ్యక్షులు అమీన్ రయీస్ స్థాపించిన ప్యాన్‌కు 34, పి.బి.బి.కి 13, జస్టిస్ పార్టీకి 7 వచ్చాయి. 500 మంది గల ప్రజాప్రతినిధుల సభలో 38 స్థానాలు ఎన్నికతో నిమిత్తం లేకుండా సైన్యానికి, పోలీసు శాఖకు కేటాయించినవి. ఏ ఒక్కరికీ మెజారిటీ లేదు.

భారతదేశంలోని పద్ధతికి అలవాటుపడిన పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇండోనేషియాలో ప్రభుత్వాధిపతి ప్రధానమంత్రి కాదు, అధ్యక్షుడు. ఆనాడు అధ్యక్షుని ఎన్నుకొన్నది ప్రజలు గాని, ప్రతినిధుల సభ గాని కాదు. ఆ సభలోని 500 మందికి ప్రాంతీయ ప్రతినిధులను, వివిధ వర్గాల ప్రతినిధులను కలిపి ఏర్పరచిన 700 మంది సర్వోన్నత సభ, అంటే ఎం.పి.ఆర్., ఆయనను ఎన్నుకొంది. 1945 రాజ్యాంగం ప్రకారం మంత్రులను నియమించేదీ తొలగించేదీ అధ్యక్షుడే. వారు శాసనసభకు బాధ్యులు కారు. మద్దతు ఉపసంహరించి మంత్రివర్గాన్ని పడగొట్టే మార్గం అక్కడ లేదు.

హబీబీ సమర్పించిన పాలనా నివేదికను ఎం.పి.ఆర్. 355 - 322 ఓట్లతో తిరస్కరించగా ఆయన పోటీ నుంచి తప్పుకొన్నారు. ఎక్కువ స్థానాలు గెలిచిన మెగావతి అధ్యక్షురాలు కావటం ముస్లిం పార్టీలలో పలువురికి సమ్మతం కాలేదు. అమీన్ రయీస్ ప్యాన్, పి.పి.పి., పి.బి.బి., జస్టిస్ పార్టీలను 'పోరోస్ తెంగాః' అనే పేర ఒకచోట చేర్చారు. మధ్య ఇరుసు అని ఆ మాటకు అర్థం. ఇరుసుకు చక్రం కావాలి గనుక వారు నహ్‌దతుల్ ఉలమా నాయకులు అబ్దుర్రహ్మాన్ వాహిద్‌ను అభ్యర్థిగా నిలబెట్టారు. నహ్‌దతుల్ ఉలమా 1952లో మస్యూమీ పార్టీ నుంచి విడిపోయిన నాటి నుంచీ సంప్రదాయవాదులకూ సంస్కరణవాదులకూ మధ్య ఉన్న దూరం తెలిసినవారికి ఇది ఆశ్చర్యకరంగానే తోచింది. అక్టోబరు 20న వాహిద్ 373 - 313 ఓట్లతో గెలిచారు. అదే రోజు సోలోలోనూ బాలీలోనూ మెగావతి అనుయాయులు వీధులలోకి వచ్చి దహనకాండకు దిగారు. మరునాడు ఎం.పి.ఆర్. ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొంది. ఆమెపై పోటీ చేసి ఓడినవారు పి.పి.పి. అధ్యక్షులు హమ్‌జా హాజ్.

ఈ విధంగా అధ్యక్షుని సొంత పార్టీకి ప్రతినిధుల సభలో ఉన్నది 51 స్థానాలే. పదవి మాత్రం అందరి ఓట్లతోనూ వచ్చింది. తూర్పు తిమోర్ చేజారింది, అంబోన్‌లో ముస్లిములూ క్రైస్తవులూ ఒకరినొకరు చంపుకొంటున్నారు, అచేలో తిరుగుబాటు సాగుతోంది, 1997లో కుప్పకూలిన రూపియా ఇంకా కోలుకోలేదు. ఎవరినీ బయట ఉంచే స్థితి కాదు. అక్టోబరు 26న వాహిద్, మెగావతి కలిసి 35 మందితో 'జాతీయ ఐక్యతా మంత్రివర్గా'న్ని ప్రకటించారు.

దాని కూర్పులో అందరికీ చోటు ఉంది. రాజకీయ, భద్రతా వ్యవహారాల సమన్వయ మంత్రి జనరల్ విరాంతో. ఆర్థిక సమన్వయం మెగావతి పార్టీకి చెందిన, చైనా సంతతి వారైన క్విక్ కియాన్ గీకి, ప్రజాసంక్షేమ సమన్వయం హమ్‌జా హాజ్‌కు దక్కాయి. విదేశాంగం పి.కె.బి.కి చెందిన అల్వీ షిహాబ్‌కు, ఆర్థికశాఖ ప్యాన్‌కు చెందిన బాంబాంగ్ సుదిబ్యోకు, న్యాయశాఖ పి.బి.బి. అధ్యక్షులు యుస్రిల్ ఇహ్‌జా మహేంద్రకు, అడవులు జస్టిస్ పార్టీ అధ్యక్షులు నూర్ మహ్మూదీ ఇస్మాయీల్‌కు, పరిశ్రమలు - వాణిజ్యం గోల్కార్‌కు చెందిన యూసుఫ్ కల్లాకు, ప్రభుత్వ సంస్థలు మెగావతి అనుచరులు లక్సమానా సుకార్దికి. అచే వాసి హస్బల్లా సఅద్‌కు మానవహక్కుల శాఖ ఇచ్చారు. పాపువా వాసి ఫ్రెడీ నుంబేరికీ స్థానం దొరికింది. గనుల శాఖ తీసుకొన్న సైనికాధికారి సుసీలో బాంబాంగ్ యుధోయోనో తర్వాత పదేళ్ళు దేశాధ్యక్షులయ్యారు. మతవ్యవహారాలు నహ్‌దతుల్ ఉలమాకు చెందిన తోల్హా హసన్‌కు వెళ్ళాయి. వాహిద్ తండ్రి వాహిద్ హాషిం ఒకప్పుడు నిర్వహించిన శాఖ అది. రెండు నిర్ణయాలు మాత్రం వాటాలకు సంబంధించినవి కావు, నిజమైన మార్పులు. పత్రికలను అదుపులో పెట్టిన సమాచార శాఖను పూర్తిగా ఎత్తివేశారు. రక్షణశాఖను దీర్ఘకాలం తర్వాత పౌరునికి, ప్రొఫెసర్ జువోనో సుదర్సోనోకు, అప్పగించారు.

అసలు చిక్కు పేర్లలో లేదు, ఆ పేర్లు వచ్చిన దారిలో ఉంది. ఈ మంత్రులకు పార్టీ నాయకులు పూచీ పడ్డారని వాహిద్ బహిరంగంగానే చెప్పారు. అధ్యక్షులు, మెగావతి, ఎం.పి.ఆర్. అధ్యక్షులు అమీన్ రయీస్, ప్రతినిధుల సభ స్పీకరు అక్బర్ తంజుంగ్, విరాంతో - ఈ అయిదుగురు ఆ పూచీదారులు.

పూచీ అనే మాట ఫిఖ్‌హ్ చదివినవారికి వెంటనే కఫాలత్ ప్రకరణాన్ని గుర్తుకు తెస్తుంది. తెలుగులో వాడే 'జామీను' కూడా ఆ ప్రకరణపు మాటే. హనఫీ ఫుఖహా కఫాలత్‌ను రెండు విధాలుగా చెప్పారు: మనిషిని హాజరుపరుస్తానని పడే పూచీ ఒకటి, బాకీ చెల్లిస్తానని పడే పూచీ మరొకటి. రెండింటిలోనూ మాట తప్పితే పూచీదారు పైకి ఏమి వస్తుందో స్పష్టం. జకార్తా పూచీలో ఆ స్పష్టత లేదు. మంత్రి తప్పు చేస్తే పూచీ పడిన నాయకుడు ఏమి చెల్లించాలి? మంత్రిని తొలగించేముందు అధ్యక్షుడు అతనిని అడగాలా? ఈ ప్రశ్నలకు సమాధానం ఏ ఒప్పందంలోనూ లేదు. పూచీ పడినవారు దానిని వాటాగా భావించారు. పుచ్చుకొన్నవారు దానిని సిఫారసుగా భావించారు.

మావర్దీ ఈ సమస్యను మరొక వైపు నుంచి చూశారు. ఆయన వజారత్‌ను రెండుగా విభజించారు. తన ఆలోచనతో పాలించే అధికారం గలది తఫ్వీజ్, పాలకుని ఆజ్ఞను అమలు మాత్రమే చేసేది తన్‌ఫీజ్. తన్‌ఫీజ్ వజీర్లు ఇద్దరుండవచ్చు. ఒక్కొక్కరికి సంపూర్ణాధికారమిచ్చి ఇద్దరు తఫ్వీజ్ వజీర్లను మాత్రం నియమించరాదు. తఫ్వీజ్ వజీర్ చేయలేనివి ఆయన మూడు చెప్పగా, వాటిలో ఒకటి తొలగింపును గురించినది. వజీర్ నియమించిన వానిని ఇమామ్ తొలగించవచ్చు, ఇమామ్ నియమించిన వానిని వజీర్ తొలగించరాదు. బాగ్దాదులో ఖలీఫా పేరుకు పాలకుడై, పెత్తనం బువైహీ అమీర్లది అయిన కాలంలో ఆయన ఈ వాక్యాలు రాశారు. నియామకం కంటె తొలగింపు దగ్గరే అధికారం ఎవరిదో బయటపడుతుందని ఆయనకు అనుభవమే నేర్పి ఉంటుంది.

జకార్తాలోనూ అక్కడే బయటపడింది. నెల రోజులకే హమ్‌జా హాజ్ రాజీనామా చేశారు. 2000 ఫిబ్రవరిలో, తూర్పు తిమోర్ హింసపై విచారణ సంఘం విరాంతో పేరు చెప్పిన దరిమిలా, అధ్యక్షులు ఆయనను పక్కన పెట్టారు. సైన్యాన్ని మందలించిన ఆ చర్యను మెచ్చుకొన్నవారు ఎక్కువ. ఏప్రిల్ 24న యూసుఫ్ కల్లానూ లక్సమానా సుకార్దినీ తొలగించినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. ఒకరు గోల్కార్ వాటా, మరొకరు మెగావతి వాటా. సభ్యులతో రహస్య సమావేశంలో అధ్యక్షులు వారిపై అవినీతి ఆరోపించారు గాని ఆధారాలు చూపలేదు, వారు ఖండించారు. సుకార్ది స్థానంలోకి నహ్‌దతుల్ ఉలమా మనిషి రావటం అనుమానాన్ని పెంచింది. జూలైలో ప్రతినిధుల సభ వివరణ కోరినప్పుడు, అధ్యక్ష తరహా పాలనలో అలా కోరే హక్కు సభకు లేదన్నది వాహిద్ వాదన. రాజ్యాంగం అక్షరం ఆయన పక్షాన ఉంది. 373 ఓట్లలో అత్యధిక భాగం అవతలి పక్షానివి.

2000 ఆగస్టులో మంత్రివర్గాన్ని 26 మందికి కుదించి ప్రకటించినప్పుడు మెగావతి అక్కడ నిలబడలేదు. క్విక్ అప్పటికే తప్పుకొన్నారు. 2001 ఆరంభంలో యుస్రిల్, నూర్ మహ్మూదీ కూడా పదవులు కోల్పోవటంతో ఇరుసు చక్రం నుంచి ఊడిపోయింది. సభ ఫిబ్రవరి 1న ఒకటి, ఏప్రిల్ 30న మరొకటి అభిశంసన పత్రాలు పంపింది. జూలై 23 తెల్లవారుజామున వాహిద్ సభలను రద్దు చేస్తూ ఆజ్ఞ వెలువరించగా సైన్యం దానిని పాటించలేదు. అదే రోజు ఎం.పి.ఆర్., పి.కె.బి. సభ్యులు లేకుండానే, ఆయనను తొలగించి మెగావతిని అధ్యక్షురాలిని చేసింది.

మూడు రోజుల తర్వాత ఉపాధ్యక్షులుగా ఎన్నికైనవారు హమ్‌జా హాజ్. స్త్రీ దేశాధినేత కారాదని 1999లో వాదించిన పార్టీకి ఆయనే అధ్యక్షులు. ఆ వాదన వెనుక ఉన్న హదీసు మారలేదు, ఫుఖహా అభిప్రాయభేదాలూ మారలేదు. మారిన లెక్కకు ఉలమా సమక్షంలో ఎటువంటి సంజాయిషీ లేకపోవటం ధార్మిక ప్రమాణాన్ని ఓట్ల బేరానికి వాడుకొన్నారన్న విమర్శకు తావిచ్చింది. ఆ విమర్శ అన్యాయమైనది కాదు.

ఆగస్టులో మెగావతి ప్రకటించిన మంత్రివర్గానికి 'గోతోంగ్ రోయోంగ్' అని పేరు. పదిమంది కలిసి ఒక పని చేయటమని దాని భావం. అందులో న్యాయశాఖకు యుస్రిల్, ప్రభుత్వ సంస్థలకు లక్సమానా సుకార్ది తిరిగి వచ్చారు. క్విక్‌కు ప్రణాళికా వ్యవహారాలు అప్పగించారు. హమ్‌జా హాజ్ 1999లో వదిలిపోయిన ప్రజాసంక్షేమ సమన్వయ శాఖ యూసుఫ్ కల్లాకు దక్కింది.