కరువు భత్యం లెక్కలో బియ్యమెంత, ఇంటద్దె ఎంత?

జగిత్యాల, కోరుట్ల బజారులో బియ్యం, పప్పు, నూనె ధరలు పెరిగితే ఆ సంగతి ముందుగా తెలిసేది వర్తకులకే. అయితే బీడీ కార్మికుల కరువు భత్యాన్ని నిర్ణయించేవి ఈ ధరలు కావు. లేబర్ బ్యూరో నెలనెలా ప్రకటించే పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని అనుసరించి ఏప్రిల్, అక్టోబరులలో భత్యాన్ని సవరిస్తారు. బీడీ కమీషన్‌దార్లకు గానీ, సిరిసిల్ల మరమగ్గాల ఆసాములకు గానీ ఈ లెక్క తెలియడం అవసరం.

సూచీలో ధరతోపాటు వాటా కూడా ముఖ్యమే. 1982 శ్రేణిలో నూటికి ఆహారం వాటా 57, ఇంటద్దె వాటా 8.67. 2001 శ్రేణిలో అవి 46.20, 15.27 అయినవి. 2016 శ్రేణిలో ఆహారం 39.17కు దిగగా, అద్దె 16.87కు పెరిగింది. తిండి సరుకులు నూటికి పది పెరిగి మిగిలినవి కదలలేదనుకుందాం. పాత వాటా ప్రకారం స్థూలంగా 5.7 శాతం పెరగవలసిన సూచీ, కొత్త వాటా ప్రకారం 3.9 శాతమే పెరుగుతుంది. సొంత ఇల్లుండి, నూటికి 60 రూపాయలు తిండికే ఖర్చుచేసే బీడీ కుటుంబానికి మాత్రం పడే భారం ఆరు రూపాయలు. తేడాకు మూలం ఇక్కడే ఉన్నది.

అద్దె సంగతి ఇంకా చిక్కు. కిరాణా ధరల వలె అద్దెలను నెలనెలా సేకరించరు. ఆరు నెలలకొకసారి విచారించి, ఫలితాన్ని జనవరి, జూలై సూచీలలో చేరుస్తారు. కనుక ఆ నెలల్లో సూచీ ఎగబాకితే ధాన్యం మార్కెట్లో కారణం వెతకడం వృథా. 2001 శ్రేణిలో ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి గోదావరిఖని ఒక్కటే కేంద్రం. కంపెనీ క్వార్టర్లున్న బొగ్గుగని పట్టణపు అద్దె వేరు, ముందు గదిలో మరమగ్గం, వెనుక కాపురం ఉండే సిరిసిల్ల ఇంటి అద్దె వేరు. అందులో నివాసానికెంత, మగ్గానికెంత అని విడదీయడం యజమానికే కష్టం!

పల్లెలకు వేరే సూచీ ఉన్నది. దాని 2012 శ్రేణిలో గ్రామాలకు ఇంటద్దె పద్దే లేదు, ఆహార పానీయాల వాటా 54.18. పట్టణాలకు అద్దె వాటా 21.67.

శ్రేణి మారినప్పుడు పాయింట్లు చూసి మోసపోరాదు. 2020 ఆగస్టులో 338గా ఉన్న కార్మికుల సూచీ సెప్టెంబరులో 118.1గా వెలువడింది. ధరలు పడిపోలేదు, ఆధార సంవత్సరం 2016కు మారింది. దానిని 2.88తో గుణిస్తే 2001 శ్రేణిలో 340 అవుతుంది. 1982 పాయింట్లపై కుదిరిన పాత ఒప్పందాలుంటే మరల 4.63తో గుణించాలి, అప్పుడు అది సుమారు 1575.