32 స్విచ్‌ల బోర్డు, 429 కోట్ల అడ్రసులు

ఈ వారం ఎపిసోడ్‌లో ఒక పెద్ద సంఖ్య చెప్పి గబగబా దాటేశాను. అది ఇదీ: 429,49,67,296. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296.

నేను ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు కట్టే సైట్‌లో సూపర్‌వైజర్‌ని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను కాబట్టి స్విచ్ బోర్డుతోనే చెప్తాను. బోర్డు మీద ఒక్క స్విచ్ ఉంటే రెండే రకాలు: ఆన్, ఆఫ్. రెండు స్విచ్‌లుంటే నాలుగు రకాలుగా పెట్టొచ్చు, మూడైతే ఎనిమిది. స్విచ్ పెరిగినప్పుడల్లా లెక్క రెట్టింపు. పదికి 1,024. ఇరవైకి 10,48,576. ముప్పై రెండుకి మన సంఖ్య. చదరంగం గళ్లలో గింజలు పెట్టే కథ విన్నాం కదా, అందులో సగం బోర్డు నిండేసరికి మొత్తం గింజలు దీనికి సరిగ్గా ఒకటి తక్కువ.

రెండు తప్ప ఇంకే ప్రధాన సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. 32 సార్లు సగం చేస్తే చివరికి 1 మిగుల్తుంది. పక్కనున్న సంఖ్యల తీరు వేరు. ఒకటి తీసేస్తే 3, 5, 17, 257, 65,537ల గుణకారం. ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యే అని 17వ శతాబ్దంలో ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని పగలగొట్టాడు: 641 × 67,00,417. క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో! మీ ఫోన్‌లో గుణించి చూడండి.

ఇంతకీ మనకేంటి సంబంధం? ఇంటర్నెట్ అడ్రస్ అంటే 32 స్విచ్‌ల బోర్డే. 1981లో అలా ఖాయం చేశారు. అప్పటికే లోకంలో మనుషులు ఇంతకన్నా ఎక్కువ! పైగా సగం, సగంలో సగం అని ముక్కలు చేసి పంచాలి కాబట్టి, 300 కావాలన్నవాడికి 512 ఇవ్వాల్సిందే. మొదట్లో కొన్ని సంస్థలకైతే ఒక్కోదానికి 1,67,77,216 చొప్పున ఇచ్చేశారు. పెళ్లిలో ముందు బంతికే లడ్డూలన్నీ వడ్డించినట్టు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వ అయిపోయింది. ఉత్తర అమెరికాకి పంచే ఏరిన్ సంస్థ మా వర్జీనియాలోనే ఉంది, దాని దగ్గర 2015 సెప్టెంబర్ 24న ఖాళీ.

అందుకే ఒక్క అడ్రస్ వెనక వందల ఫోన్లు. నేను గల్ఫ్‌లో క్యాంప్‌లో ఉన్నప్పుడు, జీతం పడ్డ రాత్రి ఇంటికి డబ్బు పంపబోతే యాప్ ఆపేసింది. అమ్మ ఆపరేషన్‌కి కట్టాల్సిన డబ్బు. నేనేదో తప్పు చేశాననుకుని తెల్లవార్లూ నిద్రపోలేదు. తర్వాత తెలిసింది: క్యాంప్ వైఫై మీద అందరం ఒకేసారి లాగిన్ అయ్యాం, అవతలి కంప్యూటర్‌కి అదంతా ఒకే అడ్రస్ నుంచి వచ్చిన దొంగల గుంపులా కనపడింది. మీకూ అలా అయితే పదేపదే నొక్కకండి, లాక్ అవుతుంది. వైఫై తీసేసి సిమ్ డేటా మీద ఒకసారి చూడండి. సిమ్ కంపెనీలూ అడ్రస్ పంచుతాయి కాబట్టి గ్యారంటీ మాత్రం లేదు. అప్పటికీ కాకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, క్యాంప్ వైఫై అని చెప్పండి.

కొత్త పద్ధతిలో 128 స్విచ్‌లు. అంటే మన సంఖ్యని నాలుగుసార్లు వేసి గుణించాలి. జవాబులో 39 అంకెలుంటాయి. పాతదీ కొత్తదీ ప్రస్తుతానికి పక్కపక్కనే నడుస్తున్నాయి.